ఎవరి ఎడమ?

నా బావమరిది భక్తవత్సలం ట్రెయిలరుతో మాట్లాడేవాడు. నాతో మాట్లాడేవాడు కాదు.

నవ్వకండి. ట్రెయిలరు వెనక నిలబడి, దాని తోక వైపు చూస్తూ, "ఎడంకి రా తల్లీ, ఇంకొంచెం ఎడంకి, అమ్మా తల్లీ, చాలు" అనేవాడు. ముందు లారీలో స్టీరింగు పట్టుకుని కూర్చున్నవాణ్ణి నేను. వాడి అక్క అలమేలు మొగుణ్ణి, సొంత బావను. నా చెవిన పడాలనే వాడు గొంతు చించుకునేవాడు. కాని నాతో అన్నట్టు మాత్రం ఉండకూడదు. నేనేం తక్కువ తిన్నానా? నేనూ స్టీరింగుతోనే చెప్పేవాణ్ణి. "ఏమే స్టీరింగూ, ఆ ఎనక ఉండే పెద్దమనిషి ఇంకొంచెం గట్టిగా అరిస్తే ఆయన నోటి ముత్యాలేం రాలిపోవని చెప్పు."

మాటలు ఎందుకు పోయాయో చెప్తే ఇంకా నవ్వుతారు. మద్రాసు ఎవరిది అన్న దగ్గర పోయాయి. ఆంధ్ర రాష్ట్రం ఇస్తారట, కాని మద్రాసు లేకుండా ఇస్తారట అని చెప్పుకుంటున్న రోజులవి. మా తాతల నాటి నుంచి మాది వాషర్‌మెన్‌పేట. మా ఊరు లేకుండా మాకు రాష్ట్రం ఏమిటని నాకు కడుపు రగిలిపోయేది. ఊరేగింపుల్లో "మద్రాసు మనదే" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేవాణ్ణి. ఒక ఆదివారం భక్తవత్సలం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. నా బొంగురు గొంతు విని పకపకా నవ్వాడు.

"ఏంది బావా, మద్రాసును మూటగట్టి కర్నూలుకి ఎత్తకపోతావా? ఈడ పుట్టినాం, ఈడనే ఉండాం. ఎవురిదైతే మనకేంప్పా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇంట్లో బిడ్డలతో అరవం మాట్లాడేవోడివి. తెలుగోడి కడుపుమంట నీకేం తెలుస్తాది?" అన్నాను.

వాడి ముఖం మాడిపోయింది. "నా బిడ్డల జోలికి రావద్దు బావా" అని ఒక్క మాట అని, కలిపిన ముద్ద విస్తట్లో వదిలేసి లేచిపోయాడు. అలమేలు వీధి గుమ్మం దాకా వెంటపడినా ఆగలేదు. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు, మా ఇద్దరి మధ్య మాటలూ రాలేదు. ముందు ఎవరు పలకరించాలి? వాడు చిన్నవాడు, వాడే పలకరించాలి. మద్రాసు విషయంలో ఇప్పటికీ న్యాయం నాదే. ఎవరైనా వస్తే కూర్చోబెట్టి వాదిస్తాను.

చిక్కేమిటంటే ఇద్దరం పనిచేసేది ఒక్కచోటే. జార్జి టౌనులో శేషాచలం గారి లారీ ఆఫీసు. ఆయన్ని మేమంతా ముదలాళి అనేవాళ్ళం. నేను డ్రైవరు, భక్తవత్సలం నా లారీకి క్లీనరు. మాటలు పోయినా పని ఆగలేదు. లారీ ఒక్కటే అయితే మాటలతో పెద్దగా అవసరం లేదు. వాడు బాడీ మీద రెండు దెబ్బలు చరిస్తే పొమ్మని, ఒక దెబ్బ చరిస్తే ఆగమని. మూతులు ముడుచుకునే అలా నెట్టుకొచ్చాం.

అంతలో ముదలాళికి ఒక బుద్ధి పుట్టింది. యుద్ధంలో మిలిటరీవాళ్ళు వాడి వదిలేసిన రెండు చక్రాల ట్రెయిలరు ఒకటి వేలంలో పాడుకొచ్చి, నా లారీ వెనక కొక్కీకి తగిలించాడు. హార్బరులో దిగే పెద్ద యంత్రాలను టౌనులోని గోడౌన్లకు చేర్చే పని ఆయనకు దొరికింది.

"వెంకటపతీ, ముందరికి ఎవుడైనా తోల్తాడు" అన్నాడు. "టౌను సందుల్లో ఎనక్కి తోలి గోడౌను వాకిట్లో పెట్టాల. అది వచ్చినోడిదే ఈ సీటు. నీకు రాదంటే ఇప్పుడే చెప్పు. కోయంబత్తూరు నుంచి నాగప్పన్ వస్తానంటా ఉండాడు. ఆయన తోలేదంతా ట్రెయిలరే."

రాదని ఎలా చెప్తాను? చలికాలపు తెల్లవారుజాముల్లో ఇంజనుకు హ్యాండిలు తిప్పి తిప్పి, మోచేతులు వాచి, క్లీనరు నుంచి ఆ సీటు ఎక్కినవాణ్ణి. అది దిగితే మళ్ళీ హ్యాండిలు తిప్పాలి, అదీ నా బావమరిది పక్కన నిలబడి. అంతకంటే హార్బరులో దూకడం మేలనిపించింది. "వస్తాది ముదలాళీ, ఎందుకు రాదు?" అన్నాను.

వాషర్‌మెన్‌పేటలో రైలు పట్టాల అవతలి మైదానంలో సాయంత్రాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఖాళీ తారు పీపాలు రెండు వరసల్లో నిలబెట్టి, వాటి మధ్యలోకి ట్రెయిలరును వెనక్కి దూర్చాలి. ఆ శనిగొట్టు బండి గుణం అప్పుడు తెలిసింది. లారీ ఒక్కదాన్నే వెనక్కి తోలేటప్పుడు స్టీరింగు ఎడమకు తిప్పితే వెనక భాగం ఎడమకే పోతుంది. ట్రెయిలరు తగిలించాక అంతా తలకిందులు. స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రెయిలరు తోక కుడికి పోతుంది. కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. కొంచెం ఎక్కువ తిప్పామా, లారీ, ట్రెయిలరూ కత్తెరలాగా మడతపడి ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఏళ్ళ తరబడి ఒక తీరుకు అలవాటుపడిన చేతులు నా మాట వినలేదు. తల ప్రాణం తోకకొచ్చింది.

దానికి తోడు వెనక భక్తవత్సలం. "ఎడంకి రా తల్లీ" అంటాడు. నా చేతులు ఎడమకు తిరుగుతాయి. ఆ తల్లి కుడికి పోయి పీపాను పడగొడుతుంది. "చెవుల్లో ఏం పెట్టుకోని ఉండావు తల్లీ?" అని వాడు ట్రెయిలరును తిడతాడు. ఆ తిట్టు ఎవరికో తెలుసుకోలేనంత వెర్రివాణ్ణా నేను? "స్టీరింగూ, ఎడం అంటే ఏ ఎడమో ఆయన చెప్పి చావచ్చు గదా!" అంటాను. వాడు వినపడనట్టు ఆకాశం వైపు చూస్తాడు.

ఒక్క ప్రశ్న. నువ్వు చెప్పేది ట్రెయిలరు తోక పోవాల్సిన ఎడమా, నేను స్టీరింగు తిప్పాల్సిన ఎడమా? అంతే. కాని అది వాడి ముఖం చూసి అడగాలి. చూస్తే నేను ఓడిపోయినట్టు. వాడు జవాబు చెప్తే వాడు ఓడిపోయినట్టు. ఇద్దరికీ మీసాలున్నాయి మరి.

ఇంట్లో అలమేలు సణుగుడు. "మీ ఇద్దరి మద్దెలో నేనేం టెలిఫోను తీగనా? ఆయన్ని అడుగక్కా అని వాడంటాడు, వాణ్ణి అడగవే అని మీరంటారు. నేను అడగను పోండి. ఆ ట్రెయిలరుతో మాట్లాడే మాటలు మనుషులతో మాట్లాడితే ఏం, నోరు నొస్తాదా?"

"వాడు చిన్నోడు. వాడే ముందు నోరు తెరవాల."

"ఆమా, ఆ బండి ఎవురి మిందనో ఎక్కినంక ఇద్దరూ తెరుస్తారులే, ఏడ్చేదానికి."

ఆ మాటకు ఒళ్ళు మండి అన్నం తినకుండా లేచాను.

చివరికి నాకు నేనే ఒక తీర్పు చెప్పుకున్నాను. వాడు మాట్లాడేది ట్రెయిలరుతో కాబట్టి వాడి ఎడమ ట్రెయిలరు ఎడమే. వాడు ఎడమ అంటే నా చేతులు కుడికి తిరగాలి. అలా అనుకున్నాక కొంచెం దారికొచ్చింది. పీపాల మధ్యలోకి ట్రెయిలరు పాములాగా మెలికలు తిరుగుతూనైనా దూరడం మొదలుపెట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కాని మరునాడు హార్బరులో ఒక యంత్రం ఎత్తాలనగా, ఆ సాయంత్రం వాడు "ఎడం తల్లీ" అన్న క్షణానే పక్క పట్టాల మీద గూడ్సు బండి కూత పెట్టింది. ఉలిక్కిపడ్డాను. పాత అలవాటు నా చేతుల్ని ఎడమకు లాగేసింది. ట్రెయిలరు కుడికి ఊగి, ఒక పీపాను రాతి దిమ్మకేసి నొక్కి అప్పడం చేసింది. భక్తవత్సలం ఆ పీపా దగ్గర కూర్చుని కాసేపు దాన్నే చూశాడు. ఆ రోజు ట్రెయిలరును కూడా తిట్టలేదు. మనసులో ఏమనుకున్నాడో నాకెలా తెలుస్తుంది? అడిగితే గదా.

మర్నాడు పొద్దున నూనె మిల్లు ఇంజను ఒకటి ట్రెయిలరు మీద ఎక్కించుకుని టౌనులోకి వచ్చాం. ఏనుగంత ఇనుము. గోడౌను ఒక సందు చివర ఉంది. పెద్ద వీధిలో లారీ ఆపి, సందులోకి వెనక్కే పోవాలి. ఎడమ పక్క పొడుగునా రాతి గోడ. కుడి పక్క మూత లేని మురుగు కాలువ. చక్రం అందులో దిగిందంటే ఇంజనుతో సహా అంతా తిరగబడుతుంది. నా సీటు కుడి పక్క కాబట్టి కాలువ నాకు కనిపిస్తుంది. గోడ పక్క నాకు గుడ్డి. ఆ పక్క నా కళ్ళంటే భక్తవత్సలమే.

సందు మొదట్లో ముదలాళి గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన ఖాకీ చొక్కా, నోట్లో తాంబూలం, నిదానంగా నములుతూ ఒక మనిషి. నాగప్పన్. తెల్లవారి రైల్లో దిగాడట.

"వెంకటపతీ, పోయినసారి దూది మూటలకే నువ్వు దిగి చూస్తివి, ఎక్కితివి, మళ్ళా దిగి చూస్తివి" అన్నాడు ముదలాళి. "వీధంతా నిలిచిపాయ. పోలీసాయన నన్ను నిలబెట్టి కడిగినాడు. ఈ తూరి ఎక్కినోడివి ఎక్కినట్టే ఉండాల. మద్దెలో దిగినావా, తాళంచెవి నాగప్పన్‌కి. చెప్పేసినా."

"దిగను ముదలాళీ" అన్నాను.

గేరు వేశాను. వెనక బాడీ మీద రెండు దెబ్బలు పడ్డాయి. వీధిలో తోపుడుబళ్ళవాళ్ళు అప్పుడే అరవడం మొదలుపెట్టారు. ఒక సిటీ బస్సు నా ముందు దాకా వచ్చి ఆగి హారను మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. పోలీసు విజిలు. వాటి మధ్యలోంచి భక్తవత్సలం గొంతు ఏరుకుంటూ వెనక్కి పోతున్నాను. "రా, రా, రా... కుడి... చాలు, రా..." ఆ కుడికి నేను స్టీరింగు ఎటు తిప్పానో నాకే తెలియదు, కొంచెం కదిలించానంతే. ట్రెయిలరు సందులో దూరింది. లారీ కూడా దూరింది. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే భయం.

అప్పుడు చూశాను. ట్రెయిలరు కుడి చక్రం కాలువ అంచున ఉంది. కింద మట్టి రాలుతోంది.

"ఎడం!" అన్నాడు వాడు.

నా తీర్పు నాకుంది గదా. కాలువ కుడి పక్క. కాబట్టి ట్రెయిలరును ఎడమకు, కాలువకు దూరంగా తెమ్మంటున్నాడు. ట్రెయిలరు ఎడమకు రావాలంటే స్టీరింగు కుడికి. బిగించి పట్టుకుని కుడికి తిప్పబోయాను.

"ఎడం! ఎడం!"

గొంతు సన్నబడింది. ఎప్పుడూ అలా పలకలేదు. నా చేతులు ఆగిపోయాయి. ఏదో తక్కువైంది. ఏమిటది? తల్లి లేదు. పొద్దుటి నుంచీ లేదు. ఎడంకి రా తల్లీ అనలేదు, కుడికి పో తల్లీ అనలేదు. ట్రెయిలరుతో మాట్లాడటం లేదు వీడు. మరి ఎవరితో? నాతోనా? నాతోనే అయితే అది నా ఎడమ. నా ఎడమే అయితే నేను తిప్పబోతున్నది పూర్తిగా తప్పు. నాతో కాకపోతే అదే ఒప్పు. బ్రేకు మీద నిలబడ్డాను.

"ఏం నిలబెట్టినావు? తోలు!" అని ముదలాళి అరిచాడు.

కిటికీలోంచి తల బయట పెట్టి నేనూ అరిచాను. "ఒరే భక్తా! ఎవురి ఎడమరా?" అన్నాళ్ళ తర్వాత వాడితో అన్న మొదటి మాట అది. బస్సు హారను దాన్ని మింగేసింది. జవాబు రాలేదు. ఆగమనే దెబ్బ కూడా పడలేదు. ఆగమనాలంటే చరుస్తాడు గదా, ఎందుకు చరవడం లేదు?

"తోలబ్బా!" ముదలాళి గొడుగుతో నేలను పొడుస్తున్నాడు. నాగప్పన్ నమలడం ఆపి నా వైపే చూస్తున్నాడు. దిగితే సీటు పోయింది. దిగకుండా ఎటు తిప్పినా సగం పాళ్ళు ఒప్పే. ఆ రెండో సగం ఏమిటో నేను ఆలోచించలేకపోయాను. హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను ఆపి, తలుపు తీశాను.

"దిగద్దు వెంకటపతీ! దిగినావంటే..."

దిగాను. కాలు పెట్టడానికి కాలువ తప్ప చోటు లేదు. మోకాళ్ళ దాకా ఆ మురుగులో దిగి, ఈడ్చుకుంటూ ట్రెయిలరు వెనక్కి పోయాను.

గోడలో తాళం వేసిన పాత తలుపు ఒకటి ఉంది. దాని ముందు మనిషి పట్టేంత గూడు. చూడటానికి వీలుగా ఉంటుందని భక్తవత్సలం అందులో నిలబడ్డాడు. ట్రెయిలరు మూల వచ్చి ఆ గూడును మూసేసింది. ఇనుప కమ్మీ వాడి ఛాతీకి ఆనుకుని ఉంది. చొక్కా నలిగి కమ్మీకి అంటుకుంది. రెండు చేతులూ పక్కల్లో ఇరుక్కుపోయాయి. ఇక చరవడానికి చెయ్యేది?

"ఎవురి ఎడమరా?" అన్నాను.

"నీ ఎడమ బావా. స్టీరింగు ఎడమ." వాడికి ఊపిరి ముక్కలుముక్కలుగా వస్తోంది. "నిన్న ఎడం అంటే నువ్వు ఎడంకే తిప్పినావు గదా. సరే, నీ దోవలోనే చెప్దామని పొద్దున నుంచి నీ ఎడమే చెప్తా ఉండా."

"నేను ట్రెయిలరు ఎడమ అనుకుంటినిరా. కుడికి తిప్పబోతిని."

వాడు నన్ను చూశాడు. "తిప్పినావా?"

"లేదు. దిగొచ్చేసినా."

వాడు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ కొనల నుంచి నీళ్ళు కారాయి. నాకూ ఏడుపొచ్చింది, కాని ఏడవడానికి అది సమయం కాదు. లారీని ముందుకు లాగితే వాడు బయటపడతాడు. కాని ఆ సందు గోడౌను వైపుకు వాలు. బ్రేకు వదిలి క్లచ్చు అందుకునే లోపల బండి బెత్తెడు వెనక్కి జారుతుంది. వాడికీ కమ్మీకీ మధ్య బెత్తెడు కాదు గదా, వేలు పట్టే చోటు లేదు. కాలువ గట్టున ఊడిన రాళ్ళు రెండు పెరికి, ట్రెయిలరు చక్రాల వెనక కాలితో తన్ని తన్ని బిగించాను.

"పోయి ముందరికి లాగుతా. భయపడద్దు."

"బావా, మెల్లగా."

"మెల్లగానే నాయనా."

మళ్ళీ కాలువలో దిగి సీటు ఎక్కాను. ముదలాళి ఏదేదో అంటున్నాడు. నా చెవుల్లో భక్తవత్సలం గొంతు తప్ప ఏదీ పడటం లేదు. ఇంజను అందుకుంది. అడుగంతా మురుగుతో జారిపోతున్న కాలిని క్లచ్చు మీద అదిమిపట్టాను. బ్రేకు వదిలాను. రాయి కిర్రుమంది. బండి వెనక్కి కదలలేదు. పిల్లాణ్ణి నిద్ర లేవకుండా చంకలోంచి దించినట్టు క్లచ్చు వదిలాను. లారీ ముందుకు కదిలింది.

"వస్తా ఉండాది బావా... పో... ఇంకొంచెం... పో, పో... వచ్చేసినా బావా!"

బ్రేకు వేసి స్టీరింగు మీద తల పెట్టేశాను. అందరి ముందూ ఏడ్చాను. సిగ్గేమీ అనిపించలేదు.

తర్వాత వాడు నా కిటికీ పక్కకు వచ్చాడు. వీపంతా సున్నం, చొక్కా ఛాతీ దగ్గర చిరిగింది. "దా బావా, పెట్టేద్దాం" అన్నాడు.

"ఎవురి ఎడమ?"

"నీదే. నీ చేతులకే చెప్తా."

ఈసారి నా చేతులు అడ్డం తిరగలేదు. వాడు ఎడం అంటే ఎడం, చాలు అంటే చాలు. నేను కాలువ వైపు చూడటం కూడా మానేశాను. ట్రెయిలరు నిక్కచ్చిగా పోయి గోడౌను వాకిట్లో ఆగింది. బాడీ మీద ఒక దెబ్బ పడింది.

దిగేసరికి ముదలాళి చెయ్యి చాపి ఉన్నాడు. నేను తాళంచెవి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని నాగప్పన్ చేతిలో పెట్టాడు. "చెప్పింది చెప్పినట్టే వెంకటపతీ. రోడ్డంతా నిలబెట్టి దిగినావు. ఈయన సీటెక్కినంక దిగింది లేదంట."

"అట్లయితే ఎనక నిలబడేదానికి ఇంకొకర్ని చూసుకోండి ముదలాళీ" అన్నాడు భక్తవత్సలం.

"నీకేమొచ్చిందిరా?"

"నేను నిలబడను. అంతే."

నాగప్పన్ ఇద్దరి ముఖాలూ, వాడి వీపున సున్నం, చిరిగిన చొక్కా చూశాడు. తాంబూలం ఉమ్మేసి సందులోకి నడిచాడు. ఆ తాళం వేసిన తలుపు ముందు గూడులో తానే దూరి, వీపు తలుపుకు ఆనించి నిలబడ్డాడు. చెయ్యి ఛాతీ ముందు అడ్డంగా పెట్టి ఏదో కొలుచుకున్నాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. వెనక్కి వచ్చి తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు.

"నేనైతే దిగేవాణ్ణి కాదు" అన్నాడు ముదలాళితో, అరవంలో.

భక్తవత్సలం భుజం పట్టుకున్నాను.